ప్రోగ్రాముకూ ఒక యూనిట్ టెస్టు



యూనిట్ టెస్టు అనే మాట బడికి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. ఒకటో రెండో పాఠాలు పూర్తికాగానే, ఆ పాఠాల వరకు మాత్రమే ఉపాధ్యాయులు పెట్టే చిన్న పరీక్ష అది. ఏడాది చివర పెద్ద పరీక్ష ఉండనే ఉంది కదా, మధ్యలో ఈ చిన్న పరీక్షలు ఎందుకు అని అడిగితే, ఏ ఉపాధ్యాయుడైనా ఒకటే సమాధానం చెబుతాడు. భిన్నాల దగ్గర తడబడిన పిల్లవాణ్ణి భిన్నాల దగ్గరే పట్టుకోవాలి. అక్కడ వదిలేసి, వార్షిక పరీక్షలో లెక్కలు తప్పాడని తెలుసుకుంటే ఏం లాభం? ఎక్కడ తప్పాడో వెతకడానికే సగం కాలం గడిచిపోతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికి కూడా అచ్చంగా ఇదే పేరుతో, ఇదే ఉద్దేశంతో ఒక పద్ధతి ఉంది. దాన్ని కూడా యూనిట్ టెస్టు అనే అంటారు. హోసూరు చుట్టుపక్కల నుంచి రోజూ బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్ళి వచ్చే పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. "ఇవాళ ఏం పని చేశావు నాయనా?" అని అడిగితే, "టెస్టులు రాశాను" అంటారు. ఉద్యోగం వచ్చాక కూడా ఈ పరీక్షలేమిటని పెద్దవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆ పరీక్షలు ఏమిటో, అవి లేకపోతే ఏమవుతుందో ఈరోజు చెప్పుకుందాం.

ముందు నాకు ఎదురైన ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో మార్కుల పట్టికలు చేతితో రాసే పద్ధతి మాని, కంప్యూటర్లో వేయాలని నిర్ణయించాం. మా దగ్గరే చదువుకుని, అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రవాడు ఉత్సాహంగా ముందుకొచ్చి ప్రోగ్రాం రాసిపెట్టాడు. మార్కులు ఎక్కిస్తే చాలు, మొత్తం ఎంత, పాసా ఫెయిలా అన్నీ అదే చెబుతుంది. మేమందరం సంతోషించాం. క్వార్టర్లీ పరీక్షల ఫలితాలు అచ్చువేసి నోటీసు బోర్డు మీద అంటించాం. అందులో సబ్జెక్టు వారీ మార్కులు లేవు, మొత్తం మార్కులూ ఫలితమూ మాత్రమే ఉన్నాయి.

తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఆ మరుసటి రోజు నుంచి బడికి రాలేదు. నాలుగో రోజు ఆమె తండ్రి వచ్చాడు. "అమ్మాయి ఫెయిలైంది సార్. ఇంక మాన్పించి కుట్టుపని నేర్పిద్దామనుకుంటున్నాం" అన్నాడు. నాకు అనుమానం వచ్చి జవాబు పత్రాలు తీసి చూశాను. అన్నింటిలోనూ పాసు మార్కులే ఉన్నాయి. లెక్కల్లో సరిగ్గా 35 వచ్చాయి. పాసు కావలసిన మార్కు కూడా 35. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. "మరి కంప్యూటర్ ఫెయిలంది కదా సార్! కంప్యూటర్ తప్పు చెబుతుందా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆ క్షణాన నా దగ్గర జవాబు లేదు.

తరువాత ఆ కుర్రవాణ్ణి పిలిపించి చూపిస్తే విషయం తేలింది. "35 లేదా అంతకంటే ఎక్కువ వస్తే పాసు" అని రాయవలసిన చోట, "35 కంటే ఎక్కువ వస్తే పాసు" అని రాశాడు. ఒక్క గుర్తు తేడా. అతను ప్రోగ్రామును సరిచూడలేదని కాదు. 80 వేసి చూశాడు, పాసు అని వచ్చింది. 60 వేసి చూశాడు, పాసు. 20 వేసి చూశాడు, ఫెయిలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా గీత మీద ఉన్న 35ను మాత్రం ఎవరూ వేసి చూడలేదు. ఆ గీత మీద ఉన్న పిల్లలు ఆ అమ్మాయితో కలిపి ముగ్గురు తేలారు.

కథ అక్కడితో అయిపోలేదు. తప్పు దిద్దాడు, బాగానే ఉంది. హాఫ్ ఇయర్లీ పరీక్షల నాటికి, పరీక్షకు రానివారిని వేరుగా చూపించాలని అడిగాం. అతను తన దగ్గర ఉన్న ప్రోగ్రాం ప్రతిలో ఆ మార్పు చేసి తెచ్చాడు. అది దిద్దకముందు ప్రతి! 35 తప్పు మళ్ళీ తిరిగొచ్చింది. ఒకసారి చేతులు కాలినవాణ్ణి కాబట్టి, పట్టిక అంటించే ముందు నేనే కూర్చుని చేతితో సరిచూశాను. దొరికింది. అప్పుడు ఆ కుర్రవాడు, "ఈసారి యూనిట్ టెస్టులు రాసి తెస్తాను సార్" అన్నాడు. ఆ మాటకు బడి అర్థం ఒకటే తెలిసిన నేను, రెండో అర్థం నేర్చుకున్నది అతని దగ్గరే.

ఇప్పుడు ఆ అర్థం చూద్దాం. ప్రోగ్రాం అనేది ఒకే పెద్ద ముద్ద కాదు. చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్ని ఫంక్షన్లు అంటారు. మా మార్కుల ప్రోగ్రాములో ఒక ముక్క మొత్తం కూడుతుంది. ఒక ముక్క పాసా ఫెయిలా అని తేలుస్తుంది. మరొకటి పేర్లను అక్షర క్రమంలో పెడుతుంది. ఇలా విడిగా తీసి చూడగలిగిన ఒక చిన్న ముక్కే యూనిట్. ఆ ముక్క సరిగా పనిచేస్తుందో లేదో చూడడానికి రాసే మరో చిన్న ప్రోగ్రామే యూనిట్ టెస్టు. అంటే ప్రోగ్రామును పరీక్షించేది కూడా ఒక ప్రోగ్రామే. మనిషి కూర్చుని ప్రతిసారీ అంకెలు వేసి చూడనక్కరలేదు.

ఒక టెస్టులో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది సిద్ధం చేసుకోవడం: ఒక విద్యార్థికి లెక్కల్లో 35 మార్కులు అని పెట్టుకుంటాం. రెండోది ఆ ముక్కను నడిపించడం: ఫలితం చెప్పమని అడుగుతాం. మూడోది సరిపోల్చడం: జవాబు పాసు అనే రావాలి అని ముందే రాసిపెట్టుకుంటాం. ఈ మూడో మెట్టును ప్రోగ్రామర్లు అసర్ట్ అంటారు. ఇది ఇలాగే ఉండి తీరాలి అని పట్టుబట్టడం అన్నమాట. వచ్చిన జవాబు రావలసిన జవాబుతో సరిపోతే టెస్టు పాసు, లేకపోతే ఫెయిలు. చాలా పరికరాల్లో పాసుకు ఆకుపచ్చ రంగు, ఫెయిలుకు ఎరుపు రంగు చూపిస్తారు. ఇలాంటి చిన్న టెస్టులు వందలున్నా కొద్ది సెకన్లలో అయిపోతాయి. అందుకే ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా మొత్తం టెస్టులన్నీ మళ్ళీ నడిపించవచ్చు. మా కుర్రవాడి దగ్గర 35కు ఒక టెస్టు ఉండి ఉంటే, పాత ప్రతి తీసిన రోజే ఎరుపు రంగు కనబడేది.

మరి ఏ ఏ విలువలతో పరీక్షించాలి? ఇందులోనే నేర్పు ఉంది. మార్కుల సంగతే తీసుకోండి. సున్నా నుంచి 100 వరకు అన్నీ వేసి చూడడం అవసరం లేదు. గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ చూడాలి. 34 ఫెయిలు కావాలి, 35 పాసు కావాలి. సున్నా చెల్లుతుంది, 100 చెల్లుతుంది. 101 అని ఎక్కిస్తే ఒప్పుకోకూడదు. సున్నా కంటే తక్కువ ఒప్పుకోకూడదు. గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలి? పరీక్షకు రానివాడికి సున్నా వేసి ఫెయిలు అనాలా, రాలేదు అని వేరుగా చూపాలా? గమనించారా, టెస్టు రాయడానికి కూర్చున్నప్పుడే మనం ఇంతవరకు ఆలోచించని ప్రశ్నలు పైకి వస్తున్నాయి. ఇందులో కొన్నింటికి జవాబు ప్రోగ్రామర్ దగ్గర ఉండదు. హెడ్‌మాస్టరును అడిగి తెలుసుకోవాలి.

అందరికీ తెలిసిన మరో లెక్క చూద్దాం. లీపు సంవత్సరం. నాలుగుతో భాగించబడితే లీపు సంవత్సరం అని చిన్నప్పుడు నేర్చుకుంటాం. 2024 లీపు, 2023 కాదు. ఈ రెండింటితోనే పరీక్షిస్తే ప్రోగ్రాం ఒప్పుగానే కనబడుతుంది. కాని నియమం అక్కడితో ఆగలేదు. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, 400తో భాగించబడితే మళ్ళీ లీపే. కాబట్టి 1900 లీపు కాదు, 2000 లీపు. అందుచేత కనీసం నాలుగు టెస్టులు కావాలి: 2023, 2024, 1900, 2000. నియమంలో ఎన్ని మలుపులు ఉంటే, ఒక్కొక్క మలుపుకూ కనీసం ఒక ప్రశ్న ఉండాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. సాఫ్ట్‌వేర్ యూనిట్ టెస్టింగ్ ఎలా చేయాలో చెబుతూ అమెరికాలోని ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 1987లోనే ఒక ప్రమాణాన్ని వెలువరించింది. అయితే రోజువారీ పనిలో ఇది అందరికీ అలవాటు కావడానికి కారకుల్లో ముఖ్యుడు కెంట్ బెక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్. స్మాల్‌టాక్ అనే కంప్యూటర్ భాషకు ఎస్‌యూనిట్ అనే చిన్న పరికరాన్ని రాసి, దాని గురించి 1994లో వ్యాసం ప్రకటించాడు. 1997లో ఆయన, ఎరిక్ గామా అనే మరో నిపుణుడు కలిసి విమానంలో ప్రయాణిస్తూ, జావా భాషకు జేయూనిట్ అనే పరికరాన్ని మొదలుపెట్టారు. తరువాత దాదాపు అన్ని భాషలకూ అలాంటి పరికరాలు వచ్చాయి. పైథాన్ భాషలో 2001 నుంచి అది భాషతోపాటే వస్తోంది, వేరుగా తెచ్చుకోనక్కరలేదు.

కెంట్ బెక్ ప్రచారం చేసిన మరో అలవాటు కూడా ఉంది. ప్రోగ్రాం రాయకముందే టెస్టు రాయడం. మొదట టెస్టు రాసి నడిపిస్తే ఎరుపు వస్తుంది, ఎందుకంటే జవాబు చెప్పే ముక్క ఇంకా లేదు. తరువాత ఆకుపచ్చ వచ్చేంత మేరకు ప్రోగ్రాం రాయాలి. ఆపైన దాన్ని చక్కదిద్దుకోవాలి. వినడానికి తలకిందులుగా ఉంది కాని, ఉపాధ్యాయులకు ఇది వింత కాదు. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడే జవాబుల పట్టిక కూడా తయారుచేస్తాం కదా! పిల్లల జవాబులు చూశాక ఏది ఒప్పో నిర్ణయించుకుంటే అది పరీక్ష అనిపించుకోదు.

ఇంతగా చెబుతున్నారు, చిన్న తప్పుకు అంత నష్టం ఉంటుందా అని మీరు అడగవచ్చు. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ కేంద్రం నుంచి యూరప్ దేశాల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారిగా లేచింది. దాదాపు 40 సెకన్లలో దారి తప్పి విరిగిపోయి ఆకాశంలోనే పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ పరిశోధక ఉపగ్రహాలూ పోయాయి. విచారణలో తేలిన కారణం ఏమిటంటే, రాకెట్ గమనాన్ని కొలిచే కంప్యూటర్లో ఒక పెద్ద సంఖ్యను చిన్న గడిలోకి మార్చే ముక్క. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. వచ్చిన సంఖ్య అంతకంటే పెద్దది. గడి పొంగింది, కంప్యూటర్ ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో కంప్యూటర్ కూడా అదే ప్రోగ్రాముతో అదే తప్పు చేసి ఆగిపోయింది.

ఆ ముక్క అంతకుముందు ఏరియాన్ 4 రాకెట్‌లో చక్కగా పనిచేసినదే. ఏరియాన్ 4 దారికి అంత పెద్ద సంఖ్య ఎన్నడూ రాదు. ఏరియాన్ 5 అడ్డంగా వేగం పుంజుకోవడంలో దానికంటే అయిదు రెట్లు చురుకైనది. కొత్త రాకెట్ దారిలో వచ్చే సంఖ్యలు పెట్టి ఆ పరికరాన్ని నేల మీద పరీక్షించలేదని విచారణ సంఘం తేల్చింది. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించాలి. ఏరియాన్ 4 సంఖ్యలతో ఎన్ని టెస్టులు రాసినా అన్నీ ఆకుపచ్చగానే వచ్చి ఉండేవి. టెస్టు ఉండడం ఒక్కటే చాలదు. సరైన ప్రశ్న అడిగామా అన్నది ముఖ్యం. పాత బడి ప్రశ్నపత్రంతో కొత్త బడి పిల్లల్ని పరీక్షించినట్టు కాకూడదు.

యూనిట్ టెస్టుల పరిమితి చెప్పే ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 1999 సెప్టెంబర్ 23న అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారక గ్రహం చేరుతూనే నష్టమైపోయింది. ఒక బృందం రాసిన ప్రోగ్రాం లెక్కను బ్రిటిష్ పద్ధతిలో పౌండ్లలో ఇచ్చింది. దాన్ని అందుకున్న ప్రోగ్రాం అవి మెట్రిక్ పద్ధతిలో న్యూటన్లు అనుకుంది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. ఇలాంటి చోట ఏ ముక్కకా ముక్కను విడిగా చూస్తే లెక్క కుదురుతుంది. తేడా ఉన్నది రెండూ కలిసే అతుకు దగ్గర. అందుకే యూనిట్ టెస్టులతో పాటు, ముక్కలు కలిపి చూసే పరీక్షలు వేరుగా ఉండాలి. బడిలో యూనిట్ టెస్టులు పెట్టినంత మాత్రాన వార్షిక పరీక్ష మానేయం కదా!

రాకెట్లు మనకు దూరం. మన దగ్గర విషయమే ఒకటి చెబుతాను. రెండు మూడు భాషల మధ్య బతికే మనలాంటి వారికి ఇది బాగా పనికొస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం కంప్యూటర్ లెక్కలో ఒక గుర్తు. తెలుగులో అలా కాదు. లక్ష్మి అనే పేరు మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ లోపల అది ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. స్త్రీ అనేది మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు గుర్తులు. కన్నడంలోనూ ఇదే పద్ధతి. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రాం, గడిలో చోటు చాలదని పేరును అయిదో గుర్తు దగ్గర కోస్తే, లక్ష్మి కాస్తా "లక్ష్" అయి కూర్చుంటుంది. కాబట్టి మన ప్రాంతాలకు ప్రోగ్రాం రాసే పిల్లలు, టెస్టుల్లో లక్ష్మి పేరు ఒకటి, కన్నడ పేరు ఒకటి, తమిళ పేరు ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. పేరు ముక్కలైన మార్కుల కార్డు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగవలసిన బాధ ఆ పిల్లకు తప్పుతుంది.

ఇక టెస్టులు రాసేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని చెప్పుకుందాం.

మొదటిది, రావలసిన జవాబును కూడా అదే ప్రోగ్రాముతో కట్టించడం. పరీక్షలో పిల్లవాడు రాసిన జవాబునే జవాబుల పట్టికలో ఎక్కించినట్టు అవుతుంది. తప్పు రెండు చోట్లా ఉంటుంది, టెస్టు మాత్రం ఆకుపచ్చగా నవ్వుతుంది. రావలసిన జవాబు మనిషి కాగితం మీద వేసుకుని తేల్చినదై ఉండాలి.

రెండోది, ఈరోజు తేదీ మీద ఆధారపడడం. జూన్ 1 నాటికి బిడ్డకు ఆరేళ్ళు నిండాయా అని చూసే ముక్క ఉందనుకోండి. అది లోపల గడియారం చూసుకుని లెక్క వేస్తే, టెస్టు ఇవాళ పాసై రేపు ఫెయిలు కావచ్చు. తేదీని బయటి నుంచి అందించేలా ఆ ముక్కను రాసుకోవాలి. అలాగే ఒక టెస్టు మరో టెస్టు మీద ఆధారపడకూడదు. ఏ వరుసలో నడిపినా ఒకే ఫలితం రావాలి.

మూడోది, లెక్కకోసం టెస్టులు రాయడం. ప్రోగ్రాములో ఎన్ని పంక్తులను టెస్టులు తాకాయో చెప్పే కొలత ఒకటి ఉంది, దాన్ని కవరేజ్ అంటారు. నూటికి నూరు వచ్చిందని సంబరపడేవారున్నారు. పంక్తి మీదుగా నడిచి వెళ్ళడం వేరు, దాని జవాబు సరిచూడడం వేరు. పేజీలన్నీ తిప్పి చదవకుండా మార్కులు వేసిన పేపరు లాంటిది అది.

నాలుగోది, తప్పు దొరికినప్పుడు దాన్ని దిద్ది ఊరుకోవడం. మంచి అలవాటు ఏమిటంటే, తప్పు దొరకగానే ముందు ఆ తప్పును పట్టే టెస్టు రాయాలి. అది ఎరుపు చూపించాలి. తరువాత ప్రోగ్రాం దిద్దితే ఆకుపచ్చ రావాలి. ఆ టెస్టు అప్పటి నుంచి కావలి కాస్తూ ఉంటుంది. ఆ తప్పు తిరిగి దూరే సందు మూసుకుపోతుంది.

టెస్టులు రాస్తే పని ఆలస్యమవుతుందనే మాట కూడా ఉంది. అది అబద్ధం కాదు, మొదట్లో ఆలస్యమవుతుంది. అందుకే అన్నింటికీ రాయనక్కరలేదు. తెర మీద రంగు ఎలా ఉందో కంటితో చూస్తే చాలు. ఎక్కడ లెక్క ఉందో, ఎక్కడ ఇది అవునా కాదా అని తీర్పు ఉందో, అక్కడ తప్పక రాయాలి. ఈ రోజుల్లో అడిగితే చాలు, కృత్రిమ మేధ పరికరాలే ప్రోగ్రాం రాసి ఇస్తున్నాయి. అలాంటప్పుడు సరిచూసే పని మరింత పెరిగిందే కాని తగ్గలేదు. రాసినవాడు మనిషైనా యంత్రమైనా జవాబుల పట్టిక మన చేతిలో ఉండాలి.

అన్ని టెస్టులూ పాసైనా తప్పు లేదని ప్రమాణం చేయలేం. పరీక్షలు తప్పు ఉందని చూపగలవే కాని లేదని నిరూపించలేవని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే హెచ్చరించారు. అయినా పరీక్షలు మానకూడదు. గీత మీద నిలబడిన వాళ్ళను గుర్తుపెట్టుకుని ప్రశ్నలు వేయాలి. ఎందుకంటే 80 వచ్చినవాడికి ప్రోగ్రాములో తప్పున్నా నష్టం రాదు. నష్టపోయేది ఎప్పుడూ 35 దగ్గర నిలబడినవాళ్ళే.

ఇంతకీ ఆ అమ్మాయి తండ్రికి చివరికి నేనేం చెప్పానంటే, "కంప్యూటర్ మనం చెప్పినట్టు వింటుందయ్యా. మేమే తప్పు చెప్పాం" అన్నాను. దిద్దిన పట్టిక తీసి ఆయన చేతికిచ్చాను. మరుసటి సోమవారం ఆ అమ్మాయి తన బెంచీలో కూర్చుని ఉంది. ఆ కుర్రవాడు తరువాత రాసిన టెస్టుల్లో మొట్టమొదటిది 35 మార్కులది. ప్రోగ్రాంలో ఎన్ని మార్పులు చేసినా, ముందుగా నడిచేది ఇప్పటికీ అదే.

ప్రోగ్రాములు రాసే పిల్లలు ఆ ఒక్క టెస్టును గుర్తుంచుకుంటే చాలు. ఇక తల్లిదండ్రులకు ఒక మాట. కంప్యూటర్ చెప్పిందని ఎవరైనా మీ బిడ్డ గురించి ఒక తీర్పు చెబితే, అసలు కాగితం ఒకసారి చూపించమని అడగండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.